పసివారికి చట్టమిచ్చిన హక్కు

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో బైతుల్ మాల్ నుంచి పిల్లలకు భత్యం ఇచ్చే ఏర్పాటు ఉండేది. అయితే పాలు మానిన పిల్లలకే అది వర్తించేది. ఒక రాత్రి మదీనాలో విడిది చేసిన ఒక వర్తక బృందానికి కాపలాగా ఆయన, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మేల్కొని ఉన్నారు. ఒక పసిబిడ్డ ఏడుపు ఎంతసేపటికీ ఆగలేదు. ఉమర్ (రజి) పదేపదే వెళ్లి, బిడ్డను సరిగా చూసుకోమని తల్లిని మందలించారు. మాట్లాడుతున్నది ఖలీఫాయేనని ఎరుగని ఆ తల్లి, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యమిస్తున్నాడు గనుక గడువుకు ముందే బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన పారాయణం దుఃఖం వల్ల వెనుక నిలిచినవారికి స్పష్టంగా వినిపించలేదని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. నమాజు ముగియగానే, పుట్టిన ప్రతి ముస్లిం బిడ్డకూ భత్యం చెల్లించాలని ప్రకటించి, ఆ ఆజ్ఞను అన్ని ప్రాంతాలకూ పంపారు.

ఈ సంఘటనను మనం ఉమర్ (రజి) దయార్ద్ర హృదయానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. అందులో మరో విషయం కూడా ఉంది. ఆ తల్లి చేతిలో నాలుగు దిర్హములు పెట్టి ఉంటే ఆ ఒక్క గుడారంలో ఏడుపు ఆగేది. ఆయన నిబంధననే మార్చారు. రాజ్యం రాసుకున్న ఒక్క మాట పసివాడి నోటికాడి పాలను లాగేయగలదనీ, మరో మాట వాటిని తిరిగి ఇవ్వగలదనీ ఆయన గ్రహించారు.

మన తెలుగులో నిత్యం వాడే 'హక్కు' అనే పదం అరబ్బీ 'హఖ్' నుంచి వచ్చినదే. విశ్వాసుల సంపదలో అర్థించేవారికీ, లేమికి గురైనవారికీ నిర్ణీతమైన హక్కు ఉందని దివ్యఖుర్ఆన్ మఆరిజ్ సూరా తెలియజేస్తుంది. పేదవానికి చేరవలసినదాన్ని దాత ఔదార్యంగా కాక పేదవాని హక్కుగా పేర్కొనడం గమనార్హం. ప్రభుత్వ సేవల విషయంలో ఒక జాతీయ చట్టం చేయగలిగిన మేలు కూడా ఇదే. పథకమైతే ప్రభుత్వం మారినప్పుడు ఆగిపోవచ్చు. చట్టమైతే ఫలానా అధికారి ఫలానా పని చేసి తీరాలని శాసిస్తుంది.

మన దేశంలో ఈ మార్పుకు చాలా కాలం పట్టింది. రాజ్యాంగం అమలైన పదేళ్లలోగా 14 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని 45వ అధికరణం నిర్దేశించింది. అది ఆదేశిక సూత్రమే. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లే వీలు లేదు. 1993లో సుప్రీంకోర్టు ఒక తీర్పునిస్తూ, 14 ఏళ్ల వరకు విద్య పిల్లల ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసు పేరు 'ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం'. వృత్తి విద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల మీద మొదలైన వివాదం బడిపిల్లలకు ఇంతటి మేలు చేసింది! ఆ తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. మధ్యాహ్న భోజనం కథా ఇటువంటిదే. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశంతో అది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ తప్పనిసరి అయింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంతో శాసనబద్ధమైన హక్కు అయింది.

విద్యాహక్కు చట్టంలోని 'నిర్బంధం' అనే మాటను చాలామంది అపార్థం చేసుకుంటారు. బడికి పంపకపోతే తల్లిదండ్రులను శిక్షిస్తారేమోనన్న భయం కొన్ని ఇళ్లలో ఉంది. పిల్లలను బడిలో చేర్పించవలసిన కర్తవ్యాన్ని చట్టం తల్లిదండ్రులపై ఉంచిందిగాని, అందుకు శిక్ష ఏదీ చెప్పలేదు. ఆ నిర్బంధమంతా ప్రభుత్వం మీదే. ప్రవేశం, హాజరు, చదువు పూర్తి కావడం - ఈ మూడింటికీ ప్రభుత్వమే జవాబుదారీ.

ఇక మన మొహల్లాల్లో తరచుగా వినిపించే మాట: "కాగితాలు తెచ్చుకుని అప్పుడు రండి." వలస కూలీ కుటుంబానికి ఆ 'అప్పుడు' ఒక విద్యా సంవత్సరమై కూర్చుంటుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని చట్టంలోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటం కుదరదని 5వ సెక్షన్ అంటోంది. ప్రవేశానికి బిడ్డను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షించడాన్ని 13వ సెక్షన్ నిషేధించింది. హక్కుకు భంగం కలిగితే స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో దానిపై నిర్ణయం తీసుకోవాలి. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. చట్టం బలం ఇటువంటి చిన్న వాక్యాల్లోనే ఉంటుందని మా అభిప్రాయం. ఆహార భద్రతా చట్టంలోనూ అంతే. భోజనం అందించకపోతే దానికి బదులు భత్యం చెల్లించాలి. జిల్లా ఫిర్యాదుల అధికారి సూచించిన ఉపశమనాన్ని తగిన కారణం లేకుండా అందించని ఉద్యోగికి రాష్ట్ర ఆహార కమిషన్ 5,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

అయితే చట్టాల్లో మెత్తని మాటలు కూడా ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బోధన 'సాధ్యమైనంత వరకు' మాతృభాషలో ఉండాలన్నది ఒకటి. ఉర్దూ మాధ్యమం కోరే కుటుంబాలకు ఆ రెండు పదాల బరువు తెలుసు. అదే చట్టంలో ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం మించరాదన్న నియమం ఉంది. అది గట్టి మాట. ఉర్దూ పాఠశాలల కోసం అడిగేవారు దీన్ని పట్టుకుంటేనే ప్రయోజనం. మరో లోటు వయసుది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే. అంతకన్నా చిన్నవారికి ప్రభుత్వం పూర్వ ప్రాథమిక విద్య 'ఏర్పాటు చేయవచ్చు' అంటుందే తప్ప 'చేయాలి' అనదు. నాటి మదీనా నిబంధనలో పాలు మానని బిడ్డ ఎలా బయట ఉండిపోయాడో, ఇక్కడ నాలుగేళ్ల పాప అలాగే ఉండిపోయింది. అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ఉచిత ఆహారం మాత్రం ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు.

మన వైపు చూసుకోవలసిందీ ఒకటుంది. ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న నియమం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలాకాలం కాగితానికే పరిమితమైంది. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మినహాయింపు మన సంస్థల స్వేచ్ఛను కాపాడుతుంది, నిజమే. కానీ సమాజం పేరుతో నడిచే పాఠశాల గేటు వద్ద అదే సమాజపు రిక్షా కార్మికుని బిడ్డ ఫీజు కట్టలేక వెనుదిరిగితే, ఆ స్వేచ్ఛ ఎవరికోసమని యాజమాన్యాలను అడగక తప్పదు.

ఇప్పుడు అన్నింటికన్నా తొందర పడవలసిన విషయం జనన నమోదు. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పాఠశాల ప్రవేశం, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, వివాహ నమోదు వంటి వాటికి పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. ఆ పిల్లలు 2029 చివరి నుంచి ఆరేళ్లు నిండి బడి ఈడుకు వస్తారు. పత్రం లేకున్నా చేర్చుకోవాలన్న పాత హామీని కొత్త నిబంధన మింగేయకుండా పార్లమెంటు సభ్యులు, బాలల కమిషన్లు ఇప్పటినుంచే చూడాలి. ఆ హామీ నిలుస్తుందో లేదోనని ఎదురుచూస్తూ కూర్చోవడం మాత్రం ఇళ్లవారికి తగదు.

జననాన్ని 21 రోజుల్లోగా తెలియజేస్తే రుసుము ఉండదు. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆ బాధ్యత ఆస్పత్రిది. ఇంట్లో అయితే ఇంటి పెద్దది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. పేరు పెట్టకముందే నమోదు చేయించి, 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. మన ఇళ్లలో ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెడతాం గనుక ఆ అవసరం అంతగా రాదు. ఆ వారంలోనే పేరును ఒకే వర్ణక్రమంలో రాయించాలి. తండ్రి ఆధార్‌లో 'షేక్' అనీ, రేషన్ కార్డులో 'ఎస్‌కె' అనీ, 'ముహమ్మద్' ఒకచోట పూర్తిగా, మరోచోట 'ఎండీ' అనీ ఉండటం వల్ల పదేళ్ల తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆగిపోతున్న కుటుంబాలు ఎన్నో. అఖీఖా మాంసం పంచే పని బంధువులకు అప్పగించి, తండ్రి ఆ పూట ఆస్పత్రి రికార్డుల గదికో, పురపాలక కార్యాలయానికో, పంచాయతీ కార్యదర్శి వద్దకో వెళ్లి, రాసిన పేరును అక్షరం అక్షరం సరిచూసుకుని రావాలి.