నడిచినవారూ, మోసినవారూ

ఇంగ్లీషు సాహిత్యం చదివే మన విద్యార్థికి ఒక దృశ్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. ఒక మనిషి పల్లెటూరి సత్రంనుంచి పొద్దున్నే బయలుదేరతాడు. ఎత్తయిన బీడుభూములమీదుగా నడుస్తాడు. ఏటి లోయలోకి దిగుతాడు. కూలిపోయిన క్రైస్తవ మఠం గోడలమధ్య కాసేపు నిలబడతాడు. పొద్దుగూకేవేళకు మరో దారిన, బయలుదేరిన చోటికే చేరుకుంటాడు. వెళ్ళిన దారినే తిరిగిరాకుండా చుట్టు తిరిగి రావడం ఈ నడక ప్రత్యేకత. చేరవలసిన ఊరంటూ లేదు, చక్కబెట్టవలసిన పనంటూ లేదు. నడకే దాని ప్రయోజనం. ఇంగ్లండులో ఇటువంటి చుట్టునడకలకు పటాలున్నాయి, దారి గుర్తులున్నాయి, చేతిపుస్తకాలున్నాయి. వాటన్నిటి వెనక ఒక పెద్ద కవిత్వ సంప్రదాయం ఉంది.

ఇది మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ సందులో, రైలుకూతల మధ్య కూర్చుని ఈ కవిత్వాన్ని చదివే విద్యార్థికి బీడూ లేదు, ఏరూ లేదు, మఠమూ లేదు. కాని ఈ నడక మనముందు ఉంచే ప్రశ్న మాత్రం మనదే. నేలనుగురించి రాసే రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడు? ఆ నేలమీద కాలుపెట్టే హక్కు ఎవరికుంది? దృశ్యం అందంగా కుదరడంకోసం దానిలోంచి ఎవరిని తప్పించారు? ప్రకృతి వర్ణననుగాని, పాత ఊళ్ళ జ్ఞాపకాలనుగాని అంచనా కట్టేటప్పుడు ఈ మూడు ప్రశ్నలను పక్కన పెట్టడానికి వీల్లేదు.

1. శిథిలం ఎలా శిథిలమైంది?

వర్డ్స్‌వర్త్ తన చెల్లెలు డొరతీతో కలిసి వై నదీ లోయలో నడిచింది 1798 జులైలో. ఆ నడకనుంచి పుట్టిన కవిత శీర్షికలో టిన్‌టర్న్ మఠం పేరు ఉంది. కవితలో మఠం లేదు. మఠానికి కొన్ని మైళ్ళ ఎగువన నిలబడి కవి మాట్లాడతాడు. కనిపించే లోయకన్న, అయిదేళ్ళుగా తన మనసులో ఉండిపోయిన లోయే ఆయనకు ముఖ్యం.

ఆ మఠం 1131లో సిస్టెర్షియన్ సన్యాసులకోసం స్థాపించినది. 1536లో ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు ఇదీ పోయింది. పైకప్పు సీసాన్ని ఊడదీసి అమ్ముకున్నారు. కప్పు పోయిన కట్టడం గోడలపై లతలు పాకాయి. అంటే అక్కడ కవులకు కనిపించిన శిథిలం కేవలం కాలం చేసిన పని కాదు. భూమి ఒక యజమాని చేతినుంచి మరొక యజమాని చేతికి పోవడంవల్ల ఏర్పడినది. పదహారో శతాబ్దంలోనే ఆ లోయలో ఇనుప తీగ తయారుచేసే కార్ఖానాలు వెలిశాయి. విలియం గిల్పిన్ 1782లో ప్రకటించిన తన యాత్రాగ్రంథంలో, శిథిలాల చుట్టూ గుడిసెలు వేసుకుని బిచ్చమెత్తుకుంటున్న నిరుపేదలను చూసి నమోదు చేశాడు. పదహారేళ్ళ తరువాత వచ్చిన కవితలో ఆ బీదలు చెట్లమధ్య లేచే పొగను చూసి ఊహించుకున్న నీడలుగా మాత్రమే మిగిలారు. 1986లో మార్జొరీ లెవిన్సన్ అనే విమర్శకురాలు ఈ మౌనాన్ని ఎత్తిచూపినప్పుడు పెద్ద చర్చే జరిగింది.

ఇంతమాత్రాన ఆ కవిత పనికిరాదనడం మొరటు విమర్శ అవుతుంది. బిచ్చగాళ్ళగురించి, ఉద్యోగం ఊడిన సైనికుడిగురించి, జలగలు పట్టి బతికే ముసలివాడిగురించి రాసినవాడు కూడా ఆ వర్డ్స్‌వర్తే. దారిలో ఎదురైన మనిషిని ఆపి పలకరించినప్పుడల్లా ఆయన కవిత్వంలో మనుషులు ఉన్నారు. ఎత్తున నిలబడి లోయను చూసినప్పుడు వారు పొగలో కలిసిపోయారు. నేర్చుకోవలసిన విషయం ఇదే: దృక్పథం అనే మాటకు సిద్ధాంతంలోనే కాదు, కాళ్ళు ఆనిన చోటులో కూడా అర్థం ఉంది. పనిచేసే పొలం ‘దృశ్యం’గా మారాలంటే పనినుంచి విడివడిన చూపు ఒకటి ఉండాలని రేమండ్ విలియమ్స్ 1973లో ‘పల్లె, పట్నం’ గురించిన తన ప్రసిద్ధ గ్రంథంలో వివరంగా చర్చించాడు.

2. అదే సంవత్సరం, ఇక్కడ

ఆ కవిత అచ్చయిన 1798 సెప్టెంబరు నెలలోనే, ఒకటో తేదీన, హైదరాబాదు నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టనక్కరలేదు. కాని ఒకే చదువులో ఒకటి పాఠంగానూ, మరొకటి పరీక్షలో తేదీగానూ మనకు అందుతున్నాయి గనక, పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఆ సంధివల్ల కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేసుకున్నాయి. 1806లో ఆ దండు ఊరికి మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సికింద్రాబాదు పుట్టుక అదీ.

రెజిమెంటల్ బజార్ అన్న పేరు వినగానే మనకు ఒక పాత పేట గుర్తొస్తుంది. కాని బ్రిటిష్ సైనిక వ్యవస్థలో అది ఒక పారిభాషిక పదం. పటాలం ఎక్కడ దిగితే అక్కడ దాని వెంట ఒక బజారు దిగేది. గింజలు అమ్మే కోమట్లు, కసాయివాళ్ళు, చాకళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, డోలీలు మోసేవాళ్ళు, వంటవాళ్ళు ఉండేవారు. సిపాయి ఒక్కడికి వెనకాల ఎందరి చాకిరో ఉండేది. 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం రెజిమెంటల్ బజార్లలో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలను రిజిస్టరు చేసే ఏర్పాటు చేసింది. సిపాయిల ఆరోగ్యంకోసం ఆ స్త్రీల శరీరాలను నిర్బంధంగా పరీక్షించే పద్ధతి దానితో బలపడింది. సైనిక చరిత్రలో పటాలం పేరుంటుంది, కల్నల్ పేరుంటుంది. బజారుకు పేరు మాత్రమే మిగిలింది. బజారులోని మనుషులకు అదీ మిగలలేదు.

3. నడిచే హక్కు

చుట్టునడక తీరికవర్గాల వినోదమని కొట్టిపారేసేవారికి 1932నాటి ఒక సంఘటన చెప్పాలి. ఇంగ్లండు డెర్బీషైర్‌లో కిండర్ స్కౌట్ అనే ఎత్తయిన బీడు ఉంది. ఒకప్పుడు ఊరుమ్మడిగా ఉన్న అటువంటి నేలలను చట్టాలద్వారా జమీందార్లు కంచెల్లోకి తెచ్చుకున్నారు. ఏడాదిలో కొద్దిరోజులు సాగే గ్రౌస్ పక్షుల వేటకోసం మిగతా ఏడంతా కాపలావాళ్ళను పెట్టి మనుషులను రానిచ్చేవారు కాదు. మాంచెస్టర్ మిల్లుల పొగలో వారమంతా గడిపే కార్మికులకు ఆదివారంనాటి గాలి కూడా నిషిద్ధమయింది. 1932 ఏప్రిల్ 24న కొన్నివందలమంది యువకార్మికులు, ఇరవయ్యేళ్ళ బెన్నీ రోత్‌మన్ నాయకత్వాన, నిషేధాన్ని ధిక్కరించి ఆ బీడుమీదికి నడిచారు. అయిదుగురికి రెండునుంచి ఆరునెలలవరకు జైలుశిక్షలు పడ్డాయి. 1949లో జాతీయోద్యానాల చట్టం, 2000లో గ్రామసీమల, దారి హక్కుల చట్టం వచ్చిన తోవలో ఆ నడక కూడా ఒక మజిలీ. ఈనాడు చేతిపుస్తకాలు అమాయకంగా చూపించే ఎన్నో దారులు అడిగి కాదు, పోరాడి తెచ్చుకున్నవి.

సికింద్రాబాదువాళ్ళకు ఇది అర్థం కాని సంగతి కాదు. కంటోన్మెంటు దారుల్లో కొన్నిటిని భద్రత పేరిట మూసినప్పుడు, బస్తీల జనం చుట్టు తిరిగి పోవలసివచ్చింది. అదీ చుట్టునడకే, కాకపోతే ఇష్టంలేని చుట్టునడక. 2018 మేలో దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవాలని రక్షణశాఖ నిర్ణయించినా, ఇక్కడ కొన్ని దారులమీద వివాదం ఆ తరువాత కూడా సాగింది. వాహనం ఉన్నవాడికి అది పది నిమిషాల ఆలస్యం. తలమీద బరువున్నవాడికి అది కాళ్ళనొప్పి.

4. వాహ్యాళి, ప్రదక్షిణ, పల్లకి

తెలుగులో షికారు నడకకు మనం గొప్పగా వాడుకునే మాట వాహ్యాళి. మూలంలో అది గుర్రాలను తోలి తిప్పే బయలుకు సంబంధించిన మాట. రాజుగారి గుర్రంనుంచి దిగి ఆ మాట మధ్యతరగతి సాయంత్రంలోకి వచ్చింది. సామాన్య జనానికి ఉన్న చుట్టునడక మరొకటి: ప్రదక్షిణ. ఆషాఢంలో సింహాచలం కొండచుట్టూ 32 కిలోమీటర్లు నడిచే లక్షలాది జనానికి అది తీరిక వినోదం కాదు, మొక్కు. బోనాల ముందు ఘటం బస్తీ బస్తీ తిరిగి రావడం కూడా ఊరి హద్దును కాళ్ళతో కొలిచే పనే.

మన తొలి గొప్ప యాత్రాగ్రంథం కూడా ఒక పెద్ద చుట్టే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, కలకత్తానుంచి కోస్తా దారిన 1831 సెప్టెంబరులో చెన్నపట్నం తిరిగివచ్చాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దారిలో ఊళ్ళు, ధరలు, కులాలు, పన్నులు, నీటివసతి అన్నీ రాసిన ఆయన చూపు నిశితమైనది. సికింద్రాబాదు దండు కూడా ఆయన దారిలోదే. అయితే ఆయన పల్లకిలో సాగాడు. పల్లకిని బోయీలు మోశారు. పదిహేను నెలలకు పైగా నేలను నిజంగా నడిచి కొలిచిన ఆ కాళ్ళు తమ కథ రాసుకోలేదు. గ్రంథం విలువ దీనివల్ల తగ్గదు. కాని దాన్ని రెండోసారి చదివేటప్పుడు ప్రతి పేజీలోను పల్లకి దండె కింద ఉన్న భుజాన్ని గుర్తుపెట్టుకోవాలి.

5. రెజిమెంటల్ బజార్‌నుంచి రెజిమెంటల్ బజార్‌దాకా

ఇప్పుడు మన చుట్టునడకకు వద్దాం. రెండు మూడు గంటలు చాలు. రెజిమెంటల్ బజార్‌నుంచి ముందు బోయిగూడవైపు నడవండి. ఆ పేరులోనే బోయీల గూడెం ఉంది. వీరాస్వామయ్య గ్రంథంలో దొరకని భుజానికి ఇక్కడ ఒక చిరునామా దొరుకుతుంది. పక్కన రైల్వే స్టేషన్. వాడినుంచి ఇక్కడికి రైలు వచ్చింది 1874లో. పల్లకి దండె పోయి ఇనుప పట్టాలు వచ్చాయిగాని, ఎర్ర చొక్కా తొడిగిన భుజంమీదికి బరువు మళ్ళీ వచ్చింది.

అక్కడినుంచి గడియార స్తంభం. 120 అడుగుల ఎత్తున 1897లో వెలిసింది. దండు ఊరికి కాలాన్ని చూపించడానికి స్తంభం కట్టారు. ఎవరి కాలం ఎవరికి అమ్ముడుపోతున్నదో ఆ గడియారం చెప్పదు. ఇంకా ముందుకుపోతే 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ చర్చి. మఠ శిథిలం మనకు లేదుగాని, కోసుగోపురాలు ఇక్కడా ఉన్నాయి. ఇవి కూలలేదు, వీటిని కట్టించిన సామ్రాజ్యం కూలింది. గోడలు మిగిలాయి, ప్రార్థించేవారి భాషలు మారాయి. ఆ పక్కనే పెరేడ్ గ్రౌండ్. మన బీడు అదే. పటాలాలు కవాతు చేసిన ఆ విశాలమైన బయలు ఇప్పుడు కూడా సైన్యానిదే; అనుమతి ఉన్న రోజున బహిరంగ సభ, లేని రోజున కంచె.

ఇక లోయ. పికెట్ నాలా ఈ ప్రాంతపు నీటిని హుస్సేన్ సాగర్‌కు చేరుస్తుంది. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన ఆ చెరువు ఒకప్పుడు ఊరి దాహం తీర్చింది. నాలాను మనం మురికి కాలవగా చూస్తాం గనక లోయగా గుర్తించం. దాని ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారికి మాత్రం, వాన పడ్డ రాత్రి అది లోయ అని తెలుస్తుంది.

తిరుగుదారిలో ఉజ్జయినీ మహంకాళి గుడి. 1813లో కలరా వ్యాపించిన రోజుల్లో, ఉజ్జయినికి బదిలీ అయిన పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడ మొక్కుకుని, తిరిగివచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని ఆలయ కథనం. గమనించండి: ఈ చుట్టులో దండు ఊరు తన జ్ఞాపకంలో పేరుపెట్టి నిలుపుకున్న మనిషి కల్నల్ కాడు, డోలీ మోసినవాడు. మోసినవాడు సైన్యం కాగితాల్లోకి ఎక్కలేదుగాని, జనం నోట నిలిచాడు. మోండా మార్కెట్‌లో హమాలీలను దాటుకుని మళ్ళీ రెజిమెంటల్ బజార్ చేరుకుంటారు.

6. రాయడం సంగతి

పాత సికింద్రాబాదుమీద ఈ మధ్య వస్తున్న రచనల్లో చాలవాటికి ఒకే జబ్బు ఉంది. బేకరీలు, బంగళాలు, కోసుగోపురాలు, అంతా ఒక తీపి విచారం. కట్టడం వయసు చెబుతారు. రాయి మోసినవాడి కూలి అడగరు. దీనికి ఎదురుగా, ప్రతి రాయినీ దోపిడీకి ఉదాహరణగా చూపి ముగించే రచనా ఉంది. అదీ ఎత్తునుంచి చూసే చూపే. మొదటిదాంట్లో మనుషులు పొగలో మాయమవుతారు, రెండోదాంట్లో సూత్రంలో మాయమవుతారు.

చుట్టునడక నేర్పే పద్ధతి వేరు. తిరిగివచ్చిన చోటు బయలుదేరిన చోటే అయినా, వచ్చిన మనిషి మారి ఉండాలి. మారకపోతే అది వాహ్యాళి. అంచేత కొత్తగా రాస్తున్న మిత్రులకు ఒక సూచన: ఒకే చుట్టును రెండుసార్లు తిరగండి. మొదటిసారి కళ్ళతో తిరగండి. రెండోసారి దారిలో ముగ్గురితో మాట్లాడండి, వాళ్ళు ఏం మోస్తున్నారో, ఎక్కడినుంచి ఎక్కడికి మోస్తున్నారో అడగండి. ఇంటికి వచ్చి మొదటి నడకగురించి రాసినదాన్ని రెండో నడకతో దిద్దండి. కొట్టివేసిన వాక్యాలే మీకు శిల్పంగురించి చెప్పవలసింది చెబుతాయి.

రెజిమెంటల్ బజార్ సందులో పాఠం చదువుకుంటున్న ఆ విద్యార్థికి వై నది దూరమే. కాని కవి లోయను చూసిన ఆ వేసవి చివరనే తన ఊరికి పునాది పడిందని తెలిసినప్పుడు, ఆ కవిత అతనికి పరాయిదిగా ఉండదు, మునుపటిలా లొంగదీసుకోనూలేదు.