కొవ్వు చేరిన చోటు

2004వ సంవత్సరమున ‘లాన్సెట్’ అను ఆంగ్ల వైద్యపత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఇరువురి ఛాయాచిత్రమును ప్రకటించి, తమ దేహములనే లోకమునకు పాఠముగా నిలిపిరి. ఒకరు పుణె నగరమున మధుమేహమును గూర్చి చిరకాలము పరిశోధన సల్పిన చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు. రెండవవారు లండనుకు చెందిన జాన్ యుడ్కిన్‌గారు. ఎత్తునకు తగిన బరువును సూచించు బి.ఎమ్.ఐ. ఇద్దరికిని 22.3, స్థూలకాయులని ఎవరును వేలెత్తి చూపజాలరు. అయినను, కొవ్వును ప్రత్యేకముగా కొలిచిచూడగా యుడ్కిన్‌గారి శరీరమున నూటికి 9.1 వంతులును, యాజ్ఞిక్‌గారి శరీరమున 21.2 వంతులును తేలినది. సన్నగానున్న తనకు ఫ్యాటీ లివర్ ఏమిటని స్కానింగు కాగితము చేతబట్టుకొని తెల్లబోవు మనవారికి ఈ చిత్రమే తగిన సమాధానము.

కొవ్వు ఎంతయున్నదను ప్రశ్నకంటె ఎచ్చటనున్నదను ప్రశ్నయే ముఖ్యమని 1947లోనే మార్సెయ్ నగరపు వైద్యుడు ఝాఁ వాగ్ సూచించియుండెను. పిరుదులయందును తొడలయందును నిలిచిన కొవ్వు చాలవరకు నిరపాయకరము. పొట్టలోపల ప్రేగులనంటి పెరుగునదియే మధుమేహమునకును హృద్రోగమునకును తోడగునది.

చర్మము క్రిందనున్న కొవ్వుపొర మన దేహమునకు గాదె వంటిది. అది నిండినపుడు, లేక పుట్టుకతోనే ఇరుకైనదైనపుడు, మిగులు పొట్టలోనికిని, కాలేయములోనికిని, కండరములలోనికిని చేరును. ఆ పొర దాదాపు లేకయే జన్మించు అరుదైన రోగులు కలరు: చేతులపై నరములు ఉబ్బి కనుపించును, బుగ్గలు లోతుకుపోవును, కాని కాలేయము మాత్రము కొవ్వుతో బరువెక్కియుండును, మధుమేహమును తీవ్రముగానే యుండును. కావున కొవ్వునంతటిని శత్రువుగా నెంచుట అన్యాయము.

ఇక కాలేయమున చేరు కొవ్వు ఏ దారిన వచ్చుచున్నది? 2005లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఫ్యాటీ లివర్ రోగుల కాలేయమందలి కొవ్వులో నూటికి 59 వంతులు దేహమందలి కొవ్వునిల్వలనుండి రక్తముద్వారా వచ్చినదనియు, 26 వంతులు కాలేయమే స్వయముగా తయారుచేసికొనినదనియు, 15 వంతులు మాత్రమే తిన్న నూనె, నేతులనుండి వచ్చినదనియు తేలినది. ఆ తయారీకి ముడిసరకు పిండిపదార్థములును చక్కెరయును. నేయి మానివేసితినని తృప్తిపడుచు, పళ్లెము నిండ అన్నమును, పూటపూటకును తియ్యని కాఫీని విడువనివారు ఈ లెక్కను గమనింపవలెను. కొవ్వు పట్టిన కాలేయము ఇన్సులిన్ మాటను సరిగా వినదు. రాత్రియంతయు చక్కెరను రక్తములోనికి విడుచుచునే యుండును గనుక పరగడుపున పరీక్షించినను అది హెచ్చుగానే కనుపించును. కొందరిలో వాపు కలిగి, క్రమముగా కాలేయము గట్టిపడును.

బరువులో నూటికి 5 వంతులు తగ్గినను కాలేయమందలి కొవ్వు తగ్గును. వాపు శమించుటకు 7 మొదలు 10 వంతులవరకు తగ్గవలసియుండును. మన దేశపువారికి నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెనని వైద్యులందురు. కొలత తీయునపుడు కడపటి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ టేపును చుట్టి, సహజముగా ఊపిరి వదలిన పిమ్మట చూడవలెను. పొట్టను లోనికి బిగబట్టరాదు. ప్యాంటు సైజును నమ్మరాదు. బొజ్జ పెరిగినకొలది బెల్టు దాని క్రిందికి జారిపోవునే గాని, దర్జీ వ్రాసికొన్న అంకె ఏండ్ల తరబడి మారకుండవచ్చును.