మూడు కందకాల వెనుక బీదర్

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా వాయవ్య దిశలో సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణిస్తే బీదర్ చేరుకుంటాం. నేడు అది కర్ణాటకలో ఒక జిల్లా కేంద్రం. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో అంతర్భాగంగా ఉండినది కనుక తెలంగాణ ముస్లిం కుటుంబాలకు అది పరాయి ఊరు కాదు. వియ్యపు బంధుత్వాలు నేటికీ ఆ సరిహద్దును దాటి సాగుతూనే ఉన్నాయి. అయినా పెళ్ళికో, పరామర్శకో వెళ్ళినవారిలో ఎక్కువమంది కోట ముందు ఒక ఫొటో దిగి తిరిగి వచ్చేస్తుంటారు. ఆ గోడలను నిదానంగా చూడవలసిన అవసరం ఉందని మా అభిప్రాయం.

బహమనీ సుల్తాను అహ్మద్ షా 1430 ప్రాంతంలో తన రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. బీదర్ ఎత్తైన పీఠభూమి అంచున ఉంది. అక్కడి నేల లాటరైట్ అనే ఎర్రరాయి. తవ్వేటప్పుడు మెత్తగా తెగి, గాలి తగిలిన తర్వాత గట్టిపడటం ఆ రాయి స్వభావం. నిర్మాతలు ఈ స్వభావాన్ని చక్కగా వినియోగించుకున్నారు. పీఠభూమి అంచు నిట్టనిలువుగా దిగిపోయే వైపున ప్రకృతే రక్షణ ఇచ్చింది. పట్టణం వైపున అటువంటి రక్షణ లేదు. అక్కడ రాతినేలను తొలిచి ఒకటి కాదు, మూడు కందకాలను వరుసగా చెక్కారు. కందకానికీ కందకానికీ మధ్య రాతిని తొలచకుండా అడ్డుగోడగా నిలబెట్టారు. శత్రువు ఒక కందకాన్ని పూడ్చి దాటినా, ఎదురుగా రాతిగోడ, దాని వెనుక మరో కందకం ఉంటాయి. ఆ అంచున నిలబడి కిందికి చూస్తే, ఉలి తప్ప మరో యంత్రం లేని కాలంలో ఇంత రాతిని ఎవరు, ఎన్నాళ్ళు తొలిచారో అన్న ఆలోచనే మనసును ఆక్రమిస్తుంది. చరిత్ర గ్రంథాలు సుల్తానుల పేర్లను భద్రపరిచాయి గాని ఆ కూలీల పేర్లను కాదు.

కందకం అనగానే ముస్లిం పాఠకులకు మదీనా గుర్తుకు రాక మానదు. హిజ్రీ 5వ సంవత్సరంలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహాపై దైవప్రవక్త (స) తన సహచరులతో కలిసి స్వయంగా మట్టి మోస్తూ కందకం తవ్వారు. అరబ్బులకు అంతవరకు పరిచయం లేని ఆ యుద్ధతంత్రం ఇరాన్ నుంచి వచ్చినది. బీదర్‌లోనూ ఇరాన్ ముద్ర అడుగడుగునా కనిపిస్తుంది. కాని ఒక తేడాను గమనించాలి. మదీనా కందకాన్ని తవ్వినవారిలో నాయకుడు కూడా ఉన్నాడు, అదీ ఆకలితో. ఇక్కడ అటువంటి సంగతి ఏదీ మనకు అందలేదు.

కోట గోడలో 37 బురుజులు, ఏడు ద్వారాలు ఉన్నాయి. షర్జా దర్వాజాను 1503లో మహమూద్ షా కాలంలో నిర్మించారు. దాని ముఖభాగంపై చెక్కిన రెండు క్రూరమృగాల బొమ్మలను బట్టే ఆ పేరు వచ్చింది. దానిని దాటి ముందుకు సాగితే విశాలమైన గుమ్మటం కప్పిన గుంబద్ దర్వాజా ఎదురవుతుంది. మొదటి ద్వారాన్ని బద్దలు కొట్టిన సైన్యం రెండవదాని ముందు ఇరుకున పడి, పైనుంచి వచ్చే దెబ్బలకు గురికావాలన్నదే ఈ ఏర్పాటులోని ఆంతర్యం.

కోటకు ఆనుకొని ఉన్న పట్టణానికీ ప్రత్యేకంగా ప్రాకారం ఉంది. నేడు నిలిచి ఉన్న దానిలో అధికభాగం 16వ శతాబ్దంలో, బరీద్ షాహీల కాలంలో రూపుదిద్దుకున్నది. షాగంజ్, ఫతే, మంగల్‌పేట, దుల్హన్, తల్‌ఘాట్ అనే అయిదు దర్వాజాల గుండా ఊరిలోకి రాకపోకలు సాగేవి. నాలుగు వీధులు కలిసే చోట దాదాపు 70 అడుగుల ఎత్తున గుండ్రని చౌబారా నిలిచి ఉంది. నలుదిక్కులా కాపలా కాయడానికి అది అనువైన చోటు.

అయితే ఎంతటి గోడ ఉన్నా నీరు లేకుంటే ముట్టడిలో ఊరు ఎన్నాళ్ళో నిలువదు. పీఠభూమిపై బావులు తవ్వడం కష్టం. అందుకే ఇరాన్‌లో వాడుకలో ఉన్న కరేజ్ పద్ధతిని ఇక్కడ ప్రవేశపెట్టారు. భూగర్భంలోని ఊటను గుర్తించి, అక్కడినుంచి స్వల్పమైన వాలుతో సొరంగం తొలుస్తారు. మధ్యమధ్య గాలికీ, వెలుతురుకూ, మరమ్మతుకూ నిలువు బావులు ఉంటాయి. ఏతం అక్కరలేకుండా నీరు తనంతట తానే పారుతుంది. నౌబాద్ వద్ద ఉన్న కరేజ్ పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. దీర్ఘకాలం పూడిపోయి ఉండిన ఆ సొరంగంలో ఇటీవలి సంవత్సరాలలో పూడిక తీశారు. కోటలోని మహళ్ళ కంటే ఈ సొరంగమే మాకు గొప్పదిగా తోచింది.

ఈ ప్రాకారాల లోపలే మహమూద్ గవాన్ 1472లో మద్రసా కట్టించాడు. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వర్తకుడిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన పండితుడాయన. ఔరంగజేబు కాలంలో సంభవించిన పేలుడుకు ఆ భవనంలో ఒక భాగం కూలిపోయింది. మిగిలిన మినారుపై, ముఖభాగంపై రంగుల పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. ఆయన అంతం మాత్రం మనసును కలచివేస్తుంది. దర్బారులో దక్కనీలకూ, విదేశాల నుంచి వచ్చిన ఆఫాకీలకూ నడుమ రగిలిన వైరంలో ఆయన శత్రువులు ఖాళీ కాగితంపై ఆయన ముద్ర వేయించి, ఒడిశా రాజుకు రాసినట్లుగా దొంగ లేఖ సృష్టించారు. మద్యం మత్తులో ఉన్న సుల్తాను విచారణ లేకుండానే మరణశిక్ష విధించాడు. 1481 ఏప్రిల్‌లో, మన కృష్ణా తీరంలోని కొండపల్లి విడిదిలో ఆ వృద్ధుని తల తెగింది. ఖజానా వెదకగా కూడబెట్టిన సంపద ఏదీ దొరకలేదని, తన సొంత వ్యాపారపు ఆదాయంతోనే ఆయన నిరాడంబరంగా జీవించేవాడని ఫరిష్తా రాశాడు. మరుసటి ఏడే సుల్తాను మరణించాడు. కొన్ని దశాబ్దాలలో రాజ్యం అయిదు ముక్కలయింది. మూడు కందకాలూ బయటివారిని ఆపాయి. లోపలి అసూయను ఆపే కందకాన్ని మాత్రం ఎవరూ తవ్వలేదు.

కోట మట్టికి నేటికీ గిరాకీ ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. జింకు, రాగి కలిసిన లోహంపై వెండి పొదిగే బిద్రీ పనివారు చివరి దశలో వస్తువుకు నిగనిగలాడే నలుపు రప్పించడానికి కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి వాడతారు. మరో చోటి మట్టి ఆ నలుపును ఇవ్వదని వారి నమ్మకం. మట్టిని నాలుకపై ఉంచి రుచి చూసి ఎంచుకునే పనివారు ఉన్నారు. హైదరాబాదులో పెళ్ళి కూతురికి బహూకరించే బిద్రీ పెట్టెలో ఆ గోడల పాలు కొంత ఉంటుందన్నమాట.

కోటకు పురావస్తు శాఖ రక్షణ ఉంది. పట్టణ ప్రాకారం సంగతి వేరు. అక్కడ గోడ ఒక చోట ఇంటి వెనుక భాగంగా మారింది, మరో చోట పొదల్లో మునిగింది, ఇంకో చోట చెత్త కుప్పకు ఆనుడయింది. ప్రభుత్వాన్ని నిందించడం తేలికే. కాని దారిలోని ముల్లును తొలగించడం విశ్వాసంలో భాగమని పిల్లలకు బోధించే సమాజం, తన వాకిటి ముందరి కందకంలో ప్లాస్టిక్ సంచులు పేరుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడాన్ని ఏమనాలి? గోడను ఆనుకొని తరతరాలుగా నివసిస్తున్న పేదలను ఖాళీ చేయించడం పరిష్కారమని మేము అనడం లేదు. వారిని కాపలాదారులుగా చేసుకోకుండా ఆ గోడ నిలువదు.

సెలవుల్లో కుటుంబంతో వెళ్ళేవారు ఉదయాన్నే మద్రసాతో ప్రారంభించి, చౌబారా మీదుగా నడిచి కోట చేరుకుంటే ఎండ ముదరకముందే షర్జా దర్వాజా దాటవచ్చు. కోటలోని సోలా ఖంబా మసీదు 15వ శతాబ్దపు తొలినాళ్ళది. దాని స్తంభాల నీడలో కాసేపు విశ్రమించవచ్చు. సాయంత్రానికి నౌబాద్ కరేజ్ చూడవచ్చు. ఇంకా సమయం మిగిలితే, ఊరికి సమీపాన ఉన్న గోర్నల్లిలో మహమూద్ గవాన్ సమాధి ఉంది.