పడవలో కాపురం, చెంబుడు నీళ్ళు: మీకు తెలుసా?

రేణిగుంట జంక్షన్‌లో నిలబడితే చెన్నై, ముంబై, గుంతకల్లు, గూడూరు, ఎటు కావాలంటే అటు రైలు దొరుకుతుంది. పడవ మాత్రం దొరకదు. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. అయినా పడవల్లో బతికేవాళ్ళ ఇంటిపనుల సంగతి మనకు చెబితే చప్పున అర్థమవుతుంది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి కూర్చోని ఇల్లు మా వైపు తక్కువ కదా! చుట్టూ నీళ్ళే ఉన్న పడవలోనూ నీళ్ళకే కటకట.

పడవలు మన జిల్లాలోనే ఉన్నాయి

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సూళ్ళూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటితో పాటే పులికాట్ సరస్సు కూడా. ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత దేశంలో ఇదే పెద్దది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్తే రేణిగుంట నుంచి వంద కిలోమీటర్ల లోపే. తడ మండలంలోని ఇరకం దీవి వాళ్ళకు పడవంటే బస్సు, ఆటో, అంబులెన్సు అన్నీ. బియ్యం మూట రావాలన్నా, జ్వరమొచ్చిన పిల్లాడు ఆసుపత్రికి పోవాలన్నా భీములవారిపాలెం రేవు దాకా పడవెక్కాల్సిందే. సరస్సు చాలా చోట్ల నడుం లోతు కూడా ఉండదు. అందుకే ఇక్కడ తెడ్డు కంటే గెడకర్రకే పని ఎక్కువ. అడుగున గెడ పొడిచి, దాని మీద ఒళ్ళంతా వాల్చి పడవను ముందుకు తోస్తారు. ఎండాకాలంలో నీళ్ళు ఇంకా తగ్గితే దిగి నెట్టుకోవాలి.

కరువులో తవ్విన దారి

ఒకప్పుడు ఆంధ్రా తీరం నుంచి మద్రాసుకు సరుకు పోయే దారి బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య తవ్వకం మొదలైంది. తర్వాత అంచెలంచెలుగా ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగింది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి కరువులో, పని లేక పస్తులున్న జనానికి కూలి ఇచ్చి మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే కాలువకు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెడతారు?

ఉప్పు, సరుగుడు కట్టెలు, గుల్లలు, బియ్యం వేసుకుని పడవలు బయల్దేరేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి పడిపోతే ఇద్దరు ముగ్గురు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని పడవను లాక్కుంటూ నడిచేవాళ్ళు. వంట, పడక అన్నీ సరుకు పక్కనే. కాలువలో చాలా దూరం పారేది సముద్రపు పోటుతో లోపలికొచ్చే ఉప్పునీరే కాబట్టి, తాగే నీళ్ళ కుండ అడుగంటే లోపు ఏదో ఒక ఊరి బావి చేరుకోవాలి. ఇప్పటి లారీ డ్రైవరు డీజిలు లెక్క చూసుకున్నట్టు అప్పటి పడవవాడు కుండ లెక్క చూసుకునేవాడు.

సబ్బు నురగ ఎందుకు రాదు?

సముద్రపు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలవగానే నురగ కట్టడం మాని తెల్లటి తెట్టెలా విరిగిపోతుంది. బోరు నీళ్ళతో తలంటుకున్న మనకు ఈ బాధ కొంత తెలుసు, జుట్టు పీచులా తయారవుతుంది. కొబ్బరినూనెతో చేసిన సబ్బు మాత్రం ఉప్పునీటిలోనూ నురగ ఇస్తుంది. అందుకే ఓడల కోసం ప్రత్యేకంగా అలాంటి సబ్బులు చేసేవాళ్ళు. బట్టల సంగతి ఇంకో తలనొప్పి. ఉప్పునీటిలో ఉతికిన చొక్కా ఎంత ఎండలో వేసినా పూర్తిగా ఆరదు. గుడ్డలో మిగిలిన ఉప్పు రాత్రయ్యేసరికి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చొక్కా మళ్ళీ చెమ్మగిల్లుతుంది. చివరి జాడింపుకు ఒక చెంబు మంచినీళ్ళు కేటాయిస్తే ఈ బాధ తప్పుతుంది. ఆ చెంబు ఇవ్వాలా వద్దా అన్నదే పడవలో పెద్ద చర్చ.

ఎసరుకు ఎన్ని నీళ్ళు?

విశాఖ, కాకినాడ రేవుల నుంచి పెద్ద మరబోట్లు వేటకు వెళ్తే రెండు, మూడు వారాలు తిరిగి రావు. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్ళే శ్రీకాకుళం మత్స్యకారులు అంతకంటే ఎక్కువ రోజులు కూడా సముద్రం మీదే ఉంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీ వాళ్ళకు పట్టుబడిన 22 మంది అలా వెళ్ళినవాళ్ళే. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. ‘తండేల్’ సినిమాకు మూలం ఆ సంఘటనే.

సినిమాలో తుపానులు, జైళ్ళు కనిపిస్తాయి. నాకైతే బోటులో వంటే ఎక్కువ ఆసక్తి. ఊగే బోటులో పొయ్యి మీద గిన్నె నిలవాలంటే ముందు పొయ్యి కదలకుండా బిగించాలి, తర్వాత గిన్నెకు అడ్డు కట్టాలి. వెడల్పు గిన్నె పనికిరాదు, లోతుగా ఉన్నదే కావాలి, అదీ సగానికి మించి నింపకూడదు. సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు మోస్తుంది కాబట్టి ఆ నీళ్ళతో ఎసరు పెడితే అన్నం నోట పెట్టలేం. అన్నానికి మంచినీళ్ళే పోయాలి. బియ్యం మొదటి కడుగు, గిన్నెలు తోమడం, చేపలు శుభ్రం చేయడం అంతా సముద్రపు నీళ్ళతో. కూరకు వెతుక్కోవక్కర్లేదు, వలలో పడిన చిన్న చేపలు కొన్ని పక్కన పెడితే చాలు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు గాలి తగిలేలా వేలాడదీస్తే నిలుస్తాయి. ఆకుకూర మూడో రోజుకే కుళ్ళుతుంది. మజ్జిగ మీద ఆశ పెట్టుకోకూడదు.

తిరుపతి మీదుగా వెళ్ళిన పడవ ప్రయాణికుడు

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయల్దేరారు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా బోయీలు మోసే సవారీలో సాగిన ఆ యాత్ర గంగ చేరాక పడవెక్కింది. కలకత్తా వైపు చాలా దూరం నది మీదే. రాత్రయితే పడవను ఒడ్డుకు కట్టేసి, ఇసుక మీద పొయ్యి పెట్టుకుని వండుకోవడం ఆ రోజుల్లో గంగ మీద మామూలు. 1831 సెప్టెంబరులో ఆయన మద్రాసు తిరిగొచ్చారు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. తెలుగులో యాత్రా రచనకు అదే తొలి మెట్టు అంటారు.

చెక్క పడవను ఎండబెడితే కారుతుంది

వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ నిజం. ఒడ్డున చాలా రోజులు ఉన్న చెక్క పడవ పలకలు ఎండి కుంచించుకుపోయి, సందులు విడతాయి. నీళ్ళలోకి దించిన మొదటి రోజు ఆ సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. చెక్క నీరు తాగి ఉబ్బాక సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటిదాకా డబ్బా పట్టుకుని తోడుతూ ఉండాలి. పాత పడవల్లో వాకిలి ఊడ్చడం లాంటి రోజువారీ పని అదే: పొద్దున లేవగానే అడుగున చేరిన నీళ్ళు తోడిపోయడం.

ఉక్కు గొట్టంలో కాపురం

విశాఖ బీచిలో ‘కుర్సురా’ జలాంతర్గామి చూసొచ్చినవాళ్ళు అందులోని ఇరుకు మరిచిపోరు. 1969 డిసెంబరు నుంచి 2001 ఫిబ్రవరి దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు, అందులో ఉండేది డెబ్భై మందికి పైగా. ఆ కాలపు డీజిల్ జలాంతర్గాముల్లో మంచినీళ్ళు ముందు తాగడానికి, వంటకు. స్నానం లెక్కలో చివరిది. మా ఇళ్ళలో అతిథి వచ్చి రెండు బకెట్లు వాడితే ముఖం మాడ్చుకునేవాళ్ళు ఒకసారి ఆ సన్నటి దారిలో నడిచి రావాలి.

నిమ్మరసం కాస్తే గుణం పోతుంది

ఓడల్లో నెలల తరబడి ఉండే నావికులకు చిగుళ్ళు వాచి, పళ్ళు ఊడే స్కర్వీ జబ్బు వచ్చేది. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు 12 మంది రోగులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. కమలా, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అయితే నిల్వ ఉండాలని ఆ రసాన్ని కాచి చిక్కబరిస్తే, వేడికి విటమిన్ సి చాలావరకు పోయేది. పులిహోర దించాకే నిమ్మకాయ పిండాలని మన అమ్మమ్మలు చెప్పింది చేదెక్కుతుందని. కారణం వేరే అయినా పద్ధతి సరైనదే.

రెండు వారాలకోసారి ఇల్లు కదపాలి

ఇంగ్లండు కాలువల్లో సన్నటి ‘న్యారో బోట్ల’లో కాపురాలు ఉన్నాయి. వెడల్పు ఏడడుగుల లోపే, ఎందుకంటే పాత లాకులు అంతే వెడల్పు. సొంత రేవు లేనివాళ్ళు మామూలుగా 14 రోజులకు మించి ఒకే చోట కట్టకూడదని 1995 నాటి చట్టం. కుళాయి ఉన్న చోట ఆగి ట్యాంకు నింపుకోవాలి, మరుగుదొడ్డి పెట్టె తీసుకెళ్ళి ఖాళీ చేసుకోవాలి, చలికాలంలో పొయ్యి బూడిద ఎత్తిపోయాలి. ఫోటోల్లో మాత్రం కిటికీలో పూలకుండీ ఒక్కటే కనిపిస్తుంది.

ఓడ చెత్త

పెద్ద ఓడలు ప్లాస్టిక్ ముక్క కూడా సముద్రంలో వేయకూడదు. మిగిలిన అన్నం, కూరలైనా పొడి చేయకపోతే తీరానికి 12 నాటికల్ మైళ్ళు దాటాకే పారేయాలి. అంతర్జాతీయ నియమం అది.

వేట లేని 61 రోజులు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోటు పనులన్నీ అప్పుడే మీద పడతాయి. అడుగున గట్టిగా పట్టేసిన గుల్లలు గీకకపోతే బోటు వేగం తగ్గి డీజిలు ఎక్కువ తాగుతుంది. గీకి, రంగు వేసి, ఇంజను విప్పి బిగిస్తారు. చెట్టు నీడన వల పరిచి, చిరిగిన కన్ను దొరికిన చోటల్లా దారం చుట్టిన కండె లోపలికి దూర్చి ముడి బిగిస్తుంటారు. పొట్ట గడవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025 నుంచి కుటుంబానికి 20 వేల రూపాయలైంది. జూన్ రెండో వారం వచ్చేసరికి రేవులో ఐసు, డీజిలు, బియ్యం, నీళ్ళ డ్రమ్ములు ఎక్కించే హడావుడి మొదలవుతుంది.