మన యిండ్లలోని సాలెపురుగులు, తేళ్లు



పోయిన ఆశ్వయుజమాసమున ఒకనాటి ఉదయము మా మేనత్త మెడమీద ఎర్రని చారతో నిద్ర లేచినది. చార పొడవునను చిన్న చిన్న పొక్కులు. నిప్పు తగిలినట్లు మంట. నన్ను పిలిచి, “ఒరే అబ్బాయీ, రాత్రి సాలెపురుగు పాకినదిరా. ఆ దూలముమీది గూళ్లన్నియు ఇప్పుడే దులిపించు” అనినది. మాది నంద్యాల సీమలో కె.సి. కాలువ క్రింది యూరు. ముందు వరిమళ్లు, వెనుక రాతినేల. ఒంటిమీద పొక్కు లేచినదన్న మా యూర నేరము సాలెపురుగుదే. నేను బడిలో ముప్పదియేండ్లు ప్రకృతిశాస్త్రము చెప్పి విరమించినవాడను గాన, చీపురు పట్టుటకు ముందు పక్కబట్టలు దులిపి చూచితిని. దిండుక్రింద నలిగి యెండిన పురుగొకటి దొరకెను.

చీమకంటె కొంచెము పెద్దది, సన్నగా పొడవుగా నున్నది. తల నలుపు, రొమ్ము నారింజపండు రంగు, నడుమ నిగనిగలాడు నీలపు పట్టె, ఆ వెనుక మరల నారింజ రంగు, తోకకొన నలుపు. కాళ్లు లెక్కించితిని: ఆరు. సాలెపురుగునకు ఎనిమిది. ఈ యొక్క లెక్క తెలిసినచో ఇంటి పురుగులను గూర్చిన తగవులలో సగము తీరును. ఆరు కాళ్లును, తల, రొమ్ము, కడుపు అను మూడు భాగములును గలది కీటకము. ఈగ, దోమ, చీమ, బొద్దింక, నల్లి, చెదపురుగు ఈ తెగవి. ఎనిమిది కాళ్లు గలవి వేరొక తెగ. సాలెపురుగు, తేలు, పశువుల గోమారి అందులోనివి. ఇక జెర్రి, రోకలిబండ అను రెండును ఈ లెక్కకు లోబడవు. జెర్రికి కణుపునకొక జత కాళ్లు, అది కరచును. రోకలిబండకు ఇంచుమించు ప్రతి కణుపునకు రెండు జతలు. తాకినచో చుట్టచుట్టుకొని పడియుండును. దానిని చంపబనిలేదు, చీపురుతో బయటకు నెట్టిన చాలును.

మా యత్త దిండుక్రింది పురుగునకు మా యూర పేరే లేదు. పేరు లేనందుననే కాబోలు దాని నేరము సాలెపురుగు నెత్తిన పడినది. అది కరవదు, కుట్టదు. దాని దేహమందలి రసములో పెడెరిన్ అను ఘాటైన పదార్థమొకటి కలదు. మెడమీద పాకునపుడు మనము నిద్రమత్తులో చేతితో రుద్దుదుము. పురుగు చిదికి ఆ రసము చర్మమునకు పూసికొనును. రుద్దిన దారి యెట్లున్నదో చారయు నట్లే యుండును. మోచేతి మడతలో చిదికినచో మడతకు ఇరువైపులను ఒకే ఆకారముగల రెండు మచ్చలు లేచును. మంట వెంటనే పుట్టదు. సాధారణముగ అర్ధదినము మొదలు రెండు దినములు పట్టును. కావున రాత్రి పాకినదని మా యత్త వేసిన లెక్కయు తప్పే. అది అంతకు ముందునాటి రాత్రి జరిగిన పని.

ఈ పురుగు వరిచేలలో నివసించును. అక్కడ సుడిదోమ మొదలగు చిన్న పురుగులను తిని రైతునకు మేలే చేయును. వానలనాడును, కోతలనాడును దీపపు వెలుగునకై యిండ్లలోనికి వచ్చును. తలగడకు పైన దీపము వెలుగుచుండగా తలుపు తెరచి పరుండుట దానిని పక్కమీదికి పిలుచుటయే. దీపమును వాకిటివైపునకు మార్చుడు, దోమతెర దింపుడు. ఒంటిమీద కనబడినచో కొట్టవలదు, నోటితో ఊది పంపుడు. చిదికినచో వెంటనే సబ్బుతో కడుగుడు. ఆ చేతితో కన్ను నులుమకుడు. కన్ను వాచినచో వైద్యుని చూడవలెను. మా యత్తకు పది దినములలో నయమైనది, మచ్చ మాత్రము సంక్రాంతివరకు నిలిచినది.

పొక్కుల మాట వచ్చినది గాన మరియొకటి చెప్పి సాగెదను. ఏబదియేండ్లు దాటినవారికి వీపుననో రొమ్ముననో నుదుటనో ఒక ప్రక్కనే పట్టెవలె పొక్కులు లేచి, అంతకు రెండు మూడు దినములు ముందునుండియే ఆ చోట పోటు పెట్టుచుండినచో, అది ఏ పురుగు పనియు గాదు. అది సర్పి. చిన్ననాడు ఆటలమ్మగా వచ్చిన సూక్ష్మజీవియే నరములలో దాగియుండి ముదిమిలో మరల లేచును. దీనికి మందు గలదు; పొక్కులు లేచిన 72 గంటలలోపల ఆరంభించినచో మేలు ఎక్కువ. సాలెపురుగని యెర్రమన్ను పూసికొని వారము గడిపినవారు, పొక్కులు మానిన పిమ్మటను నెలల తరబడి నరాలనొప్పితో బాధపడుట నేను చూచితిని. కంటికి దగ్గరగా లేచినచో ఒక్కపూటయైన ఆగరాదు.

ఇప్పుడు సాలెపురుగును గూర్చి. సాలెవాని మగ్గము పేరు పెట్టి మన పూర్వులు దానిని గౌరవించిరి. శ్రీకాళహస్తి యను పేరులోని శ్రీ యనగా సాలెపురుగే గదా. అయినను ఇంటిలో కనబడిన చెప్పు తీయుదుము. ఇంచుమించు అన్ని సాలెపురుగులకును విషము గలదన్నది నిజమే. అది ఈగను బొద్దింకను కదలకుండ చేయుటకు చాలినంత. మన యిండ్లలో తిరుగు వానిలో మనుష్యుని ప్రాణమునకు హాని చేయగలది లేదు.

రాత్రివేళ గోడమీద అరచేయంత వెడల్పున, బల్లపరుపుగా, గోధుమరంగున అదరిపాటుగా కనబడునే, అది గూడు కట్టదు. పరుగెత్తి బొద్దింకలను పట్టి తినును. ఒక్కొక్కప్పుడు దాని రొమ్ముక్రింద తెల్లని బిళ్ల యొకటి కనబడును, అది గ్రుడ్లసంచి. బలవంతముగ చేతబట్టినచో కరచును, నొప్పి పుట్టును, అంతటితో సరి. మూలలలో దారమువంటి కాళ్లతో వ్రేలాడుచు, తాకగానే గూటితోగూడ ఊగిపోవునది మరియొకటి. కిటికీచట్రములపై మన వంక తలయెత్తి చూచి గభాలున దుముకు చిన్నది వేరొకటి. అది ఈగలను దోమలను పట్టును. ఒక సంవత్సరము నేను ఇల్లు శుభ్రముగ నుండవలెనని మందు చల్లించి సాలెపురుగులనన్నిటిని చంపించితిని. మూడు నెలలకు వంటయింట బొద్దింకలు కుప్పలుగా వచ్చినవి. బొద్దింక గ్రుడ్లు గట్టి సంచిలో నుండును. చల్లిన మందు వానిని సులభముగ సోకదు. బొద్దింకలు తిరిగి లేచినవి, వానిని తినునవి మాత్రము లేకపోయినవి. గూళ్లు దులుపుడు, నేను కాదనను. ఆ గోడమీది పెద్దదానిని మాత్రము విడిచిపెట్టుడు.

మా సీమ సాలెపురుగొకటి లోకప్రసిద్ధి గన్నది. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైలుస్టేషను కట్టెలదొడ్డిలో దొరికిన యొక పెద్ద నీలపురంగు సాలెపురుగును వర్ణించెను. పిమ్మట నూరేండ్లకు పైగా అది యెవరికంటను పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడిమి యడవిలో చెట్టుతొర్రలలో మరల కనబడినది. దాని నిజమైన యిల్లు నల్లమల. గుత్తికి కట్టెలతో రైలెక్కి వచ్చియుండునని పండితుల యూహ. దాని రంగుకు మురిసి విదేశములలో పెంచుకొనువారు కలరు, ఇక్కడ మాత్రము అది నశించుటకు సిద్ధముగ నున్నది. అది ఇండ్లలోనికి వచ్చునది గాదు.

ఇక భ్రమరకీటన్యాయము మీరెల్లరు ఎరిగినదే. భ్రమరము పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి చుట్టు రొదచేయగా, ఆ పురుగు దానినే ధ్యానించి తానును భ్రమరమగునని చెప్పుదురు. వేదాంతమునకు ఆ యుపమానము చక్కనిదే. బడిలో పిల్లలతో గూడి గోడమీది అట్టి మట్టిగూడొకటి పగులగొట్టితిని. లోపల పదింటికి పైగా చిన్న సాలెపురుగులు కుక్కియున్నవి. చావలేదు, కదలలేవు. వానినడుమ తెల్లని పురుగొకటి వానిని తినుచున్నది. సన్ననడుము కందిరీగ సాలెపురుగులను కుట్టి చచ్చుబడజేసి గూటిలో నింపి, గ్రుడ్డు పెట్టి మూసివేయును. గ్రుడ్డు చిట్లి వచ్చిన పిల్ల ఆ తాజా యాహారము తిని పెరిగి కందిరీగయై వెలువడును. మరికొన్ని కందిరీగలు గొంగళిపురుగులను తెచ్చి నింపును. లోపలికి పోయినది వేరు, బయటికి వచ్చినది వేరు. ఆనాడు పిల్లలలో నొకడు, “అయ్యవారూ, మరి సాలెపురుగుల మాటేమి?” అని యడిగెను. నాకు నోట మాట రాలేదు.

నేను ముఖ్యముగ చెప్పదలచినది తేలును గూర్చి. మండ్రగబ్బ నల్లగా, పెద్దగా, లావైన కొండులతో భయంకరముగ నుండును. దాని కాటు నొప్పి పెట్టునే గాని ప్రాణమునకు అంతగా భయము లేదు. భయపడవలసినది చిన్నదైన ఎర్రతేలునకు. దాని ముందరి కొండులు సన్నము, తోక లావు. రెండు మూడు అంగుళములు మాత్రమే యుండును. మా రాతినేలలలో, మిద్దెబండల సందులలో, పిడకల గూళ్లలో, కట్టెల దొంతులలో ఇదియే యెక్కువ.

1971లో నాకు పదునొకండేండ్లు. మా చిన్నాయన కుమారుడు ఆరేండ్లవాడు. కొట్టములో పిడక తీయబోగా ఎర్రతేలు కుట్టినది. పొద్దు గూకువేళ. వాడు గిలగిల కొట్టుకొని యేడ్చెను. తేలుమంత్రము వేయువానిని పిలిపించిరి. ఆయన ఆకు పసరు పోసి మంత్రించెను. జామురాత్రికి నొప్పి తగ్గినది, వాడేడ్పు మానెను. ఇంటిల్లిపాది ఆయనకు దండము పెట్టిరి. నడిరేయి దాటిన పిమ్మట వానికి చెమటలు పోసినవి, వాంతులయినవి, చేతులు కాళ్లు చల్లబడినవి, నోట నురుగు వచ్చి ఊపిరి ఆడలేదు. బండి కట్టి బయలుదేరిరి గాని, పట్టణము చేరకమునుపే వాడు పోయెను. ఆ మంత్రగానిని నేను నిందింపలేను. ఆయన సొమ్ము పుచ్చుకొనలేదు. ఆనాడు పట్టణము చేరియున్నను, ఆ వైద్యునికడ ఇప్పటి మందు లేదు.

జరిగినదేమన, ఎర్రతేలు విషము కుట్టినచోట మాత్రమే పనిచేయదు. దేహమంతటను రక్తనాళములను బిగించు రసములను ఒక్కసారిగ పొంగించును. గుండె ఆ బిగువునకెదురుగ కొట్టుకొని కొట్టుకొని అలసిపోవును. ఊపిరితిత్తులలో నీరు చేరును. నొప్పి తగ్గినదన్న విషము దిగినదని యర్థము గాదు. మహారాష్ట్రములో కొంకణపు మహాడ్ పట్టణమున హిమ్మత్‌రావు బావస్కర్ అను వైద్యుడు ఈ కాటుతో వచ్చు రోగుల ప్రక్కన రాత్రింబవళ్లు కూర్చుండి ఈ క్రమమును గుర్తించెను. రక్తపుపోటునకు వాడు ప్రాజోసిన్ అను చౌకయగు మాత్ర, బిగిసిన నాళములను వదులుచేయునని గ్రహించి, 1980 దశకమున దానిని వాడి ఫలితములు ప్రకటించెను. నాటినుండి సకాలమున వైద్యశాల చేరినవారిలో మరణములు మిక్కిలి తగ్గినవి. 2022లో ఆయనకు పద్మశ్రీ నిచ్చిరి. ఈ మాత్రను ఇంటిలో మీరై వేయకుడు. రక్తపుపోటు ఒక్కసారిగ పడిపోవచ్చును. వైద్యుడు చూచుచుండగా వేయవలసిన మందది.

కావున తేలు కుట్టినచో కోయవలదు, రక్తము పీల్చవలదు, త్రాడు బిగించి కట్టవలదు. కుట్టినచోట సబ్బుతో కడిగి, మంచుగడ్డను గుడ్డలో చుట్టి అద్దుడు. పిల్లవాడైనచో నొప్పి యెట్లున్నను ఆగక 108కి కబురంపి ఆసుపత్రికి తీసికొనిపొండు. పెద్దవారికి వాంతి, ధారగా చెమట, చల్లని చేతులు, అధికముగ చొంగ, గుండెదడ, దగ్గు వీనిలో ఏ యొక్కటి కనబడినను అట్లే చేయుడు. మంత్రముమీద నమ్మకము గలవారు దారిలో మంత్రింపజేసికొనవచ్చును. బండి మాత్రము ఆగరాదు.

తేలు గాజువంటి నునుపుగోడ నెక్కలేదు. గోడల నెర్రెలు పూడ్చి, నేలనుండి మూరెడెత్తువరకు నున్నగా సిమెంటు పూయించినచో చాలవరకు లోనికి రాదు. మంచము గోడకు తగులనీయకుడు. చెప్పులు, చొక్కా దులిపి తొడుగుడు. కోళ్లు తేళ్లను తినును. అంగళ్లలో నోట్లు పరీక్షించు చిన్న నీలిదీపము కొంత సొమ్మునకే దొరకును. చీకటిలో దానిని వేసినచో తేలు దేహము పచ్చగా వెలుగును. మొన్న అమావాస్యనాటి రాత్రి నేను దానితో మా పెరడు వెదకితిని. కొట్టము గోడప్రక్కన మూడు, కట్టెల దొంతిలో నాలుగు కనబడినవి. ఒకదాని వీపుమీద పిల్లలు తెల్లగా కుప్పవడి యున్నవి. ఆ దొంతిని వచ్చే ఆదివారము, పట్టుకారు, మందపాటి చెప్పులు సిద్ధము చేసికొని, పగటివేళ తీయించుచున్నాను.