కార్ల్ ఫ్రీడ్రిక్ షింకెల్

కార్ల్ ఫ్రీడ్రిక్ షింకెల్ (మార్చి 13, 1781 - అక్టోబర్ 9, 1841) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వాస్తుశిల్పి, చిత్రకారుడు, ప్రష్యా రాజ్య నిర్మాణ శాఖాధికారి. నేటి బెర్లిన్ నగర కేంద్రంలోని పలు ప్రముఖ కట్టడాలు ఈయన రూపొందించినవే.

బాల్యము, విద్య

షింకెల్ బెర్లిన్‌కు వాయవ్యంగా ఉన్న నోయ్‌రుపిన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చి మతాధికారి. 1787లో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో పట్టణంలో అధికభాగం దగ్ధమైంది. కొద్దికాలానికే తండ్రి మరణించాడు. 1794లో కుటుంబం బెర్లిన్‌కు తరలివచ్చింది. అక్కడ షింకెల్ యువ వాస్తుశిల్పి ఫ్రీడ్రిక్ గిల్లీకి శిష్యుడయ్యాడు. 1799లో ప్రారంభమైన నిర్మాణ విద్యాలయం (బావ్ అకాడమీ) తొలి విద్యార్థులలో ఈయన ఒకడు. 1803 నుండి 1805 వరకు ఇటలీలో పర్యటించాడు.

ఉద్యోగ జీవితము

1806లో ప్రష్యా నెపోలియన్ చేతిలో ఓడిపోవడంతో కొత్త నిర్మాణాలు దాదాపుగా నిలిచిపోయాయి. ఆ కాలంలో షింకెల్ చిత్రలేఖనంతో జీవనం సాగించాడు. 1810లో విల్‌హెల్మ్ ఫన్ హంబోల్ట్ సిఫారసుతో రాజ్య నిర్మాణ శాఖలో చేరాడు. ప్రభుత్వ భవనాల నమూనాలను, ఖర్చును, ఉపయోగాన్ని, అందాన్ని పరిశీలించడం ఆ శాఖ బాధ్యత. వీటిలో అందానికి సంబంధించిన పరిశీలన షింకెల్‌కు అప్పగించబడింది. అందువలన ఈయన స్వయంగా నిర్మించని భవనాలపై కూడా ఈయన ప్రభావం కనిపిస్తుంది. 1830లో ఆ శాఖకు అధిపతి అయ్యాడు. 1838లో రాజ్యంలోని నిర్మాణ ఉద్యోగాలన్నింటిలో అత్యున్నతమైన పదవిని పొందాడు.

పురాతన కట్టడాలను సంరక్షించడం ప్రభుత్వ బాధ్యత అని 1815లోనే నివేదిక సమర్పించాడు.

ముఖ్య నిర్మాణాలు

యుద్ధాల వలన ఖజానా బలహీనంగా ఉండుటచే పొదుపు తప్పనిసరి అయింది. 1817లో కాలిపోయిన నాటకశాల స్థానంలో కొత్తది నిర్మించినపుడు (1818-1821) పాత పునాదులను, స్తంభాలను తిరిగి వాడుకున్నాడు. ఇతర నిర్మాణాలు:

నోయె వాఖె (1816-1818): రాజభటుల కాపలా భవనం. 1993 నుండి యుద్ధ, నిరంకుశత్వ బాధితుల జాతీయ స్మారకం.

ఆల్టెస్ మ్యూజియం (1830లో ప్రారంభం): ముందుభాగంలో 18 అయోనిక్ స్తంభాలు గల ప్రదర్శనశాల. 1999లో ఇది ఉన్న మ్యూజియం ద్వీపం ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించబడింది.

బావ్ అకాడమీ (1832-1836): తాను చదివిన విద్యాలయానికి నిర్మించిన ఎర్ర ఇటుకల భవనం. 1826లో ఇంగ్లాండులో చూసిన ఇటుక కర్మాగారాల ప్రభావం దీనిపై ఉంది.

చివరి రోజులు

బావ్ అకాడమీ భవనంలోనే షింకెల్ కార్యాలయం, నివాసం ఉండేవి. 1840లో తీవ్రంగా జబ్బుపడి, కోలుకోకుండానే మరుసటి సంవత్సరం అక్కడే మరణించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ఆ భవనాన్ని, మరమ్మతు పనులు మొదలైనప్పటికీ, 1962లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పూర్తిగా కూల్చివేసింది. కట్టడాల సంరక్షణను కోరిన అధికారి స్వంత నిర్మాణమే ఆ విధంగా కనుమరుగైంది. దాని పునర్నిర్మాణానికి 2016లో జర్మనీ పార్లమెంటు నిధులు కేటాయించింది.