మాట, లిపి, కథ : రెండు సంస్కృతుల నడుమ పెరిగిన తెలుగుతనము

ఒక మనుష్యుడు తన్ను తాను తెలుగువాడనని చెప్పుకొనుటకు ఆధారమేది? ఇంట మాటాడు భాషయా? బడిలో నేర్చిన లిపియా? పెద్దల వలన విన్న పూర్వికుల కథయా? తెలుగుదేశమున పుట్టి పెరిగినవారికి ఈ మూడును సాధారణముగా ఒక్కచోటనే లభించుచున్నవి గనుక ఈ ప్రశ్న అంతగా పుట్టదు. ఇంటి భాష యొకటి, వీథి భాష మఱియొకటిగా పిల్లలు పెరుగు చోటులందు ఈ మూడును విడిపోవును. అట్టి చోటులందే దేని బలమెంతయో వేర్వేరుగా చూడ వీలగును. ఈ వ్యాసమున అట్టి రెండు తావులను పరిశీలించుచున్నాము. ఒకటి దక్షిణ తమిళదేశము, రెండవది మారిషస్ ద్వీపము.

విజయనగర రాజ్యకాలమునను, పిమ్మట మధుర, తంజావూరు నాయకరాజుల కాలమునను తెలుగు కుటుంబములు పెక్కు దక్షిణమునకు తరలిపోయినవి. రఘునాథనాయకుడు, విజయరాఘవనాయకుడు మొదలగువారి ఆస్థానములలో తెలుగు కావ్యభాషగా వెలసినది. 1673లో తంజావూరు నాయకరాజ్యమును, 1736లో మధుర నాయకరాజ్యమును అంతరించినవి. ఆస్థానములు పోయినను ఇండ్లలోని భాష పోలేదు. సేద్యము చేసికొని బ్రదుకు కుటుంబములందు అది తల్లి నుండి బిడ్డకు నోటిమాటగా సంక్రమించుచు వచ్చినది. లిపి మాత్రము అట్లు సంక్రమింపలేదు. బడికి పోయిన పిల్లలలో పెక్కుమంది నేర్చినది తమిళ లిపియే. తమిళదేశపు ఆచారము ననుసరించి పేరునకు ముందు తండ్రి పేరిటి తొలి యక్షరము నిలిచినది. ఇంటిపేరు పెండ్లి సంబంధములు చూచునపుడు మాత్రము వెలికి వచ్చుచుండును. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము తమిళమును పదవ తరగతి వఱకు క్రమముగా నిర్బంధ పాఠ్యము గావించినది. దాని వలన భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు కలిగిన చిక్కులు న్యాయస్థానముల దాక పోయినవి.

ఇట్టి కుటుంబముననే 1923లో కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున కి. రాజనారాయణన్ జన్మించిరి. ఆయన ఇంటి భాష తెలుగు, వ్రాసినది తమిళము. 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ అను నవలలో, తెలుగునాట పాలకుని బలాత్కారమునకు వెఱచి పారిపోయి, దక్షిణపు నల్లరేగడి నేలను బాగుచేసికొని స్థిరపడిన కమ్మవారి కథను చెప్పిరి. దీనికి అనుబంధముగా వ్రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ నల్లరేగడి సీమ తమిళ మాండలికమునకు నిఘంటువును కూర్చినవారును ఆయనయే. ఇంట తెలుగు మాటాడు రచయిత వీథిలోని తమిళమునకు నిఘంటుకర్త అగుట గమనింపదగిన విషయము. ఇంటి భాషపై మమత పొరుగు భాషపై పరత్వమునకు దారి తీయవలెనను నియమము లేదనుటకు ఇంతకు మించిన నిదర్శనము మాకు కానరాదు.

ఇక మారిషస్ సంగతి. 1834 మొదలుకొని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల దాక సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ ద్వీపమునకు చేరిరి. అందులో తెలుగువారు అల్పసంఖ్యాకులు. కోరంగి రేవు నుండి ఓడ యెక్కి వచ్చినవారగుటచే వారికి కోరంగివారను పేరు కలిగినది. చెఱకు తోటలలో అందఱికి ఉమ్మడిభాష ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోల్. కొన్ని తరములు గడచుసరికి అదియే ఇంటి భాషయు నైనది. వలస వచ్చిన తాత పేరు ఫ్రెంచి వర్ణక్రమములో నమోదై మనుమలకు ఇంటిపేరుగా మారినది. అయినను రాత్రి యెల్ల దీపము చుట్టును తిరుగుచు చేయు రామభజనము నిలిచినది. సింహాద్రి అప్పన్న పూజ నిలిచినది. ఉగాది ప్రభుత్వపు సెలవుదినమైనది. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడినది. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు ఐచ్ఛిక పాఠ్యముగా నున్నది. అనగా తమిళదేశపు బిడ్డ మాటాడ నేర్చి చదువ నేర్వని భాషను మారిషస్ బిడ్డ చదువ నేర్చియు ఇంట మాటాడుట లేదు. ఆ దేశపు జనగణన ‘ఇంట మాటాడు భాష’ యనియు ‘పూర్వికుల భాష’ యనియు రెండు వేర్వేరు ప్రశ్నల నడిగినది. ఈ భేదమును గుర్తించుట వారి అనుభవము వలన కలిగిన వివేకము.

నతాషా అప్పన్నా 1973లో ఆ ద్వీపమున మాయెబూర్ పట్టణమున పుట్టిన రచయిత్రి. తెలుగు కూలీల సంతతి. ఆమె మాతృభాష క్రియోల్, రచనాభాష ఫ్రెంచి. ఆమె తొలి నవల 2003లో వెలువడినది. అందలి వస్తువు ఒప్పందపు కూలీల సముద్రయానము. ఇరువది యేండ్ల పిమ్మట, 2023లో, తన తాతముత్తాతలను గూర్చియే మఱియొక గ్రంథమును ప్రకటించిరి.

ఈ యిరువురు రచయితలును తెలుగున వ్రాయలేదు. ఇరువురును పూర్వికుల వలసకథ చెంతకే మరలి వచ్చిరి. దీనినిబట్టి భాష పోయినను కథ చాలునని కొందఱు వాదింపవచ్చును. మేము దానిని పూర్తిగా అంగీకరింపజాలము. ఆ కథ ఇరువురికి లభించిన దారులను పోల్చి చూడవలెను. ఇడైసేవల్ రచయితకు అది ఇంటి ముసలమ్మల నోట, నుడికారముతో, శాపనార్థములతో, హాస్యముతో లభించినది. నవలలో సైతము ఆ కథను చెప్పునది ఒక వృద్ధురాలే. మారిషస్ సంతతివారు తమ పూర్వికులను వెదకవలెనన్న వలసకూలీల నమోదు పుస్తకములను తెఱవవలసి యున్నది. అందు మనుష్యునికి పేరుతోపాటు ఒక సంఖ్య యుండును. ఆతని మాట యుండదు. ఇంటి భాష నిలిచిన చోట జ్ఞాపకము అప్రయత్నముగా చెవికి చేరును. అది తెగిన చోట జ్ఞాపకమును పరిశోధనచే సంపాదించుకొనవలెను. మనుష్యుడు తన్ను తెలుగువానిగా నెంచుకొనుటకు భాష ఏకైక ప్రమాణము కాదు. కాని అది పోయినపుడు పోవునది అలంకారము గాదు, వెనుకటి తరము గొంతు.

దీని వలన మనకు రెండు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. వలసతెలుగువారిని గూర్చి పరిశోధింపగోరు విద్యార్థి తమిళమునో, ఫ్రెంచినో, క్రియోలునో నేర్వవలెను. తెలుగున వ్రాయబడలేదను కారణముచే ఈ గ్రంథములను మన పరిధికి వెలియని త్రోసివేయరాదు. రెండవది, మాట వచ్చి లిపి రాని బిడ్డకును, లిపి వచ్చి మాట రాని బిడ్డకును ఒకే వాచకము పనికిరాదు. మొదటివానికి అక్షరములు నేర్పిన చాలును. రెండవవానికి అక్షరములకంటె ముందు ఒక అవ్వ గొంతు వినిపింపవలెను.